గుదికర్ర ఎవరి మెడకి?

మడి అంటే మా అమ్మకి తోటకూర, గోంగూర పెరిగే చోటు. ఆ మాటకున్న రెండో అర్థం, కట్టుకునే మడి గురించి, తెలుగులో డాక్టరేట్ చేసిన నేను పేజీలకు పేజీలు రాయగలను. అమ్మకి ఆ గొడవ అక్కర్లేదు. ఆమె బాధంతా కోళ్లతో.

నెల్లూరు సముద్రం ఒడ్డున మాది ఇసుక నేల. పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోతాయి. దొరువు తవ్వుకుని బిందెలతో మోసి పొయ్యాలి. ఆ తడి ఇసుకంటే కోళ్లకి పండగ. ముందు విత్తనం కోసం గీరతాయి, తర్వాత అక్కడే గుంట చేసుకుని పొర్లుతాయి. ఎండాకాలం కుక్కకి అదే చల్లటి పడక. పిల్లి సంగతి చెప్పక్కర్లేదు.

విత్తనం చల్లగానే అమ్మ పైన ముళ్లకంప పరుస్తుంది. మొలక బెత్తెడు లేచేదాకా తియ్యదు. చుట్టూ పట్టపుపాలెంలో అడిగి తెచ్చిన పాత చేపల వల. దాని అడుగంచు జానెడు లోతు పూడ్చాలి. వదులుగా వదిలేస్తే కోడి కాళ్లు చిక్కుకుంటాయి. పిల్లి తవ్వే చోట రంపం పళ్లున్న తాటిమట్టలు. పెరట్లో ఇంకో మూల బూడిద కలిపిన ఇసుక పోస్తుంది, కోళ్ల కోసమే. ఎందుకమ్మా అంటే, "దానికీ పొర్లాడే చోటు కావాలి గదబ్బయా" అంటుంది.

మేక మెడకి మాత్రం గుదికర్ర. అడ్డంగా ఉండే ఆ కర్ర కంచె సందులో దూరనియ్యదు. క్లాసులో గుదిబండ అంటే భారం అని చెబితే పిల్లలు రాసుకుంటారు. దాన్ని మెడలో మోసిన జీవం సంగతి ఎవరూ అడగరు. దీనికి ఎదురుగా ఇంకో మాటుంది, అచ్చోసిన ఆంబోతు. పెద్దోళ్లు చచ్చినప్పుడు ముద్రవేసి దేవుడి పేర వదిలిన ఎద్దు. ఎవరి చేలో పడినా కొట్టకూడదు. పుణ్యం వదిలినోడిది, పోయిన పైరు ఇంకొకడిది.

నా చిన్నప్పుడు మా మేక కాలవ దాటి ఒక రైతు శనక్కాయ చేలో పడింది. సాయంత్రానికి బందెలదొడ్డిలో ఉంది. అమ్మ అప్పు తెచ్చి విడిపించింది. అదే రైతు గేదెలు మా మడి తొక్కితే, "నోరులేని జీవం, దానికేం తెలుసు" అన్నారు. మా మేకకి నోరుందేమో మరి!

దొడ్డి వెనకున్న చట్టం 1871 నాటిది. అందులో పశువుల జాబితా చదివితే నవ్వొస్తుంది. ఏనుగులు, ఒంటెల దగ్గర్నించి పందులు, మేకపిల్లల దాకా ఉన్నాయి. కోడి, కుక్క లేవు. చేలో పడిన పశువుని పట్టుకుని 24 గంటల్లోపు దొడ్డికి పంపే హక్కు సాగుచేసేవాళ్లకి ఇచ్చింది. ఏ కులమోళ్లు సాగుచేయాలో చట్టం అడగలేదు. కానీ మా ఊళ్లో మాదిగ ఆడమనిషి ఊరోళ్ల గేదెని దొడ్డికి తోలడం నేనెప్పుడూ చూడలేదు.

ఎందుకు తోలదో తెలియాలంటే అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు గుర్తుచేసుకోవాలి. గేదెల మురికి మాదిగల మంచినీళ్ల చెరువులో కలుస్తుంటే వద్దన్నారు, అంతే. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. 1985 జూలై 17న ఆరుగురిని చంపారు.

పోయిన నెల మళ్లీ గేదెలు పడ్డాయి. వల చీల్చుకుని వంగమొక్కలన్నీ తొక్కేశాయి. దొడ్డికి తోలదాం అన్నాను. "మీ పిన్ని వాళ్ల చేలోకే గదా కూలికి పొయ్యేది" అంది అమ్మ. పిన్నిని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వు రాయి, నేనూ ఏలిముద్రేస్తా" అంది. అసలు మా దొడ్డి గోడలు కూలి ఏళ్లయింది. దాన్ని బాగుచెయ్యాలని, పడిన పశువు ఎవరిదైనా ఒకటే జరిమానా ఉండాలని పంచాయతీకి అర్జీ రాశాం. పిన్నితో కలిపి పదకొండు మంది ఆడోళ్లు వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. ఇచ్చి ఇరవై రెండు రోజులైంది. ముద్ర కొట్టిన నకలు నా దగ్గరుంది. సోమవారం మళ్లీ వెళ్తున్నాం, ఈసారి అందరం కలిసి.