ఎల్ల కనబడని త్రోవ

2019 మార్చి 29వ తేదీ రాత్రి పదునొకండు గంటలకు బ్రిటను ఐరోపా సమాఖ్యనుండి వైదొలగవలసి యుండెను. సరిగా రెండేండ్ల పూర్వము బ్రస్సెల్సునకు పంపిన లేఖతో ఆ గడువునకు నాంది పలికినది ప్రధాని థెరిసా మే. అట్టి దినమున మధ్యాహ్నవేళ వెస్ట్‌మినిస్టరు ముందరి పార్లమెంటు చౌకమునందు నిలుచుట నాకు తటస్థించినది. ఉత్తరమున సండర్లాండునుండి రెండు వారములుగా మజిలీలు చేసికొనుచు వచ్చిన నిష్క్రమణవాదులు బ్రిటిషు జెండాలను భుజములపై కప్పుకొని ఒకప్రక్క నిలిచి యుండగా, నీలివస్త్రముపై పండ్రెండు బంగారు నక్షత్రములు గల ఐరోపా పతాకమును చేతబట్టి, గడచిన శనివారమే లక్షలాదిగా అవే వీథులలో నడచిన సమాఖ్యవాదులలో కొందరు వేరొకప్రక్క నిలిచి యుండిరి. రెండున్నర గంటల ప్రాంతమున ప్రధాని ఒప్పందము 286 మంది సమ్మతికి ప్రతిగా 344 మంది నిరాకరణముచే మూడవమారు వీగిపోయినదను వార్త సెల్‌ఫోనులమీదుగా జనములో ప్రాకినది. ఇరుపక్షములవారును ఒక్కపెట్టున కేకలు వేసిరి. ఆ కేకలలో జయధ్వానమేది, ఆక్రోశమేది యని విడదీయుట నాకు శక్యము కాలేదు. నా ప్రక్కనున్న వృద్ధుడొకడు, గొంతు హీనమై, "ఇక రేపేమి?" అని ఎవరినిగాదు, తన్నుతానే అడుగుకొనుచుండెను. నేను పోయిన ప్రతి యూరను ఆ ప్రశ్నయే నాకు ఎదురువచ్చినది.

ఈ ప్రతిష్టంభనము ఒక్కనాట పుట్టినది కాదు. 2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణమున నూటికి 51.9 వంతులవారు పోవుదమనియు, 48.1 వంతులవారు ఉందమనియు చెప్పిరి. పోవుటయన నెట్లు పోవుట, ఏకవిపణిని విడిచియా, సుంకముల కూటమిని విడిచియా, ఐర్లండు సంగతి యేమి యని బ్యాలెటు కాగితము అడుగలేదు. ఆ అడుగని ప్రశ్నలకు సమాధానముగా దాదాపు ఏడాదిన్నర సంప్రదింపులమీదట 585 పుటల ఒప్పందమొకటి సిద్ధమైనది. జనవరి 15న దానిని 202 మందిపై 432 మంది త్రోసివేసిరి; ఆధునిక కాలమున ఏ బ్రిటిషు ప్రభుత్వమును అంతటి వ్యత్యాసముతో ఓడియుండలేదు. మార్చి 12న రెండవమారును అదియే గతి. అటుపిమ్మట సభాపతి జాన్ బెర్కౌ, సభ ఒకసారి తీర్మానించిన విషయమునే మరల మరల సభ ముందుంచరాదను 1604 నాటి సంప్రదాయమును తీసి చూపెను. మార్చి 27న సభ్యులే పగ్గములు చేపట్టి యెనిమిది మార్గములను వోటునకు పెట్టగా, ఎనిమిదింటిలో ఒక్కదానికిని ఆధిక్యము దక్కలేదు. ఈ సభ్యులను బుద్ధిహీనులని గాని స్వార్థపరులని గాని కొట్టివేయుట సులభము, నేనట్లు తలపజాలను. వారిలో పెక్కుమంది తమ నియోజకవర్గమునకు ఒకమాట, తమ పక్షమునకు ఒకమాట, తమ అంతరాత్మకు ఒకమాట యిచ్చియుండిరి. మూడును ఒకదానితోనొకటి పొసగనివి.

ఆ రాత్రి ఈస్ట్‌హామునందు మా మేనల్లుని యింట బస. ఆ వీథులలో ఇడ్లీ దోసెల వాసనయు, తెలుగు మాటయు కొదువలేదు. చదువునకై వచ్చి ఉద్యోగమున కుదిరిన మా వాడు, ప్రక్క వాటాలోని పోర్చుగీసు యిల్లాలిని నాకు చూపి చెప్పిన సంగతి నన్ను లండనులో మరే దృశ్యమును కలతపెట్టనంతగా కలతపెట్టినది. "నేనొచ్చి మూడేళ్ళు కూడా నిండకముందే ఓటేశాను మామయ్యా, కామన్వెల్తు దేశం వాణ్ణి కదా అని. ఆవిడ ఇరవయ్యేళ్ళకి పైగా ఇక్కడే ఉంది, పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. ఆవిడకి ఓటు లేదు. రేపటినుంచి తను ఇక్కడ ఉండొచ్చా అని అప్లికేషన్ పెట్టుకోవాలట" అని వాడు తలవంచుకొని చెప్పెను. చట్టము అట్లే యుండెను. ఇండియా, పాకిస్తాను, నైజీరియాలనుండి వచ్చి నివాసము పొందినవారికి 2016 నాటి ఆ వోటు కలదు. ఫ్రెంచి, పోలిషు, ఇటాలియను పౌరులు ఎన్నేండ్లనుండి యున్నను లేదు. సమాఖ్య పౌరులలో ఐర్లండు, మాల్టా, సైప్రసులవారికే కలదు. సమాఖ్య పౌరులు ఇచట నిలుచుటకై అర్జీ పెట్టుకొను పథకము అందరికిని తెరువబడినది మరునాడు, మార్చి 30ననే. ఉదయమున ఆమె మెట్లమీద కూర్చుండి పాస్‌పోర్టును ఫోనుకు చూపుచు, అది స్వీకరింపకున్న మరల చూపుచు, నడుమ నడుమ మా వాని సహాయము నర్థించుచుండుట చూచితిని. తన భవిష్యత్తును నిర్ణయించిన వోటు వేసినవానినే సహాయమడుగుచున్నానని ఆమెకు తెలియునో తెలియదో!

కెంటు మండలము గుండా డోవరునకు పోవు త్రోవలో ఎం20 రహదారిపై ఇనుప కంచెలు దించి దారులను చీల్చియుండిరి. ఒప్పందము లేకయే దేశము బయటపడినచో రేవునకు పోవు లారీలను అచటనే వరుసగా నిలిపివేయుటకు ఆ యేర్పాటు. దానికి ఆపరేషన్ బ్రాక్ అని పేరు. రద్దీ దినములలో పదివేల లారీలవరకు దాటు రేవు డోవరు. ఒక్కొక్క లారీకి రెండు నిమిషములు అదనముగా పట్టినను పదునేడు మైళ్ళ వరుస యేర్పడునని రేవు యాజమాన్యము బహిరంగముగనే హెచ్చరించినది. కొండచరియపై నిలిచి, నౌకల కడుపులోనికి తెంపులేక ప్రవేశించు ఆ బండ్లను చూచుచున్నంతసేపు, దేశముయొక్క కూరగాయలు, మందులు, మోటారు విడిభాగములు ఇట్టి సన్నని ద్వారమున ఇంత నిశ్శబ్దముగా వచ్చిపడుట యెంతటి నమ్మకముపై నిలిచిన యేర్పాటో గదా యనిపించినది.

నేను దిగిన బసయింటి యజమానురాలు డెబ్బదేండ్ల వితంతువు. ఆమె భర్త సుంకపు పత్రములు సిద్ధపరచు ఏజెంటుగా రేవునందే పనిచేసినవాడు. 1993లో ఏకవిపణి యేర్పడి సరకుల తనిఖీలు తొలగగా, ఆయనతోపాటు ఆ యూర అనేకుల జీవిక ఒక్కమారుగా పోయినదట. 2016లో ఆ జిల్లాలో నూటికి 62 మంది నిష్క్రమణమునకే వోటువేసిరి. తానును అట్లే వేసితినని ఆమె సంకోచములేక చెప్పెను. ఆమె మాటలలో పరద్వేషము నాకు వినబడలేదు. తమ యూరు ఎవరికిని పట్టకపోయెనను నొప్పి వినబడెను. కాని ఆమె మనుమనికి చిన్ననాటినుండి మధుమేహము. దేశమునకు వలయు ఇన్సులిను దాదాపు సమస్తమును సముద్రము దాటియే రావలెను. ప్రభుత్వము మందుల కంపెనీలను ఆరువారముల నిల్వ అధికముగా ఉంచుడనియు, రోగులను మాత్రము ఇంట నిల్వచేయవలదనియు కోరియుండెను. ఆ యాదేశమును పాటింపవలయునా, కోడలివలె ఫ్రిజ్‌లో నొక పెట్టెను దాచవలయునా యని ఆమె రాత్రులు నిద్రలేక తర్కించుకొనుచుండెను. "పోవుదమనినచో పోవలెను, ఉందమనినచో ఉండవలెను, ఈ వ్రేలాట నాకు అంతుపట్టుట లేదు" అని ఆమె చెప్పినపుడు, ఓదార్చుటకు నాకు మాట దొరకలేదు.

ఏప్రిల్ 1న రాత్రి ఆమె ముందుగదిలోనే కూర్చుండి టెలివిజనులో సభను చూచితిమి. ఆనాడు నాలుగు ప్రతిపాదనలు. నాలుగును ఓడినవి. సుంకముల కూటమిలో నిలుచుటను కోరినది 273 మంది, కాదన్నది 276 మంది, మూడు వోట్లు! నడిమి మార్గమొకదానికై నెలల తరబడి శ్రమించిన నిక్ బోల్స్ అను సభ్యుడు, తన పక్షము రాజీపడ నిరాకరించుటచే తాను విఫలుడనైతినని గద్గదకంఠముతో చెప్పి, ఆ పక్షమును విడిచి సభనుండి వెడలిపోయెను. ముసలమ్మ టెలివిజను ఆర్పివేసి, టీ పెట్టుదునా యని అడిగెను.

మూడు వోట్లు చాలకపోవుటకును, 585 పుటలు మూడుమారులు వీగుటకును మూలకారణము లండనులో లేదు. దానిని చూడగోరియే నేను బెల్‌ఫాస్టునకు విమానమెక్కితిని. ఆ నగర పరిసరమున స్టోర్‌మాంటు కొండపై శ్వేతసౌధమొకటి రాజఠీవితో నిలిచి యున్నది; ఉత్తర ఐర్లండు శాసనసభ యది. 2017 జనవరిలో ఉమ్మడి మంత్రివర్గము కూలినది మొదలు అప్పటివరకు అందు పాలన లేకుండెను. లండను సభలోనో, ఆ ప్రాంతపు సిన్ ఫెయిన్ పక్షమువారు ఏడుగురు గెలిచియు పూర్వాచారము ననుసరించి ఆసనములు స్వీకరింపరు. డెమొక్రాటిక్ యూనియనిస్టు పార్టీవారు పదుగురు మాత్రము, 2017 ఎన్నికలలో ఆధిక్యము గోల్పోయిన ప్రధానికి ఊతకోలయై, ఒప్పందమును వ్యతిరేకించుచుండిరి. సమాఖ్యలో ఉందమని నూటికి 55.8 వంతులు చెప్పిన ప్రాంతమునకు తన సరిహద్దు గూర్చి తాను పలుకుటకు నోరు లేకపోవుట యెంత విషాదము!

న్యూరీనుండి డండాకునకు పోవు త్రోవలో టాక్సీ నడపినవాడు నడివయస్సు దాటినవాడు. కొంతదూరము పోయిన పిదప, "దాటితిమి" అనెను. ఏమి దాటితిమో నాకు తెలియలేదు. వెనుకకు తిప్పుమని కోరి, దిగి, నడచి చూచితిని. త్రోవ యంచున తెల్లని గీత పోయి పసుపుపచ్చని గీత వచ్చుచున్నది. వేగపరిమితి మైళ్ళనుండి కిలోమీటరులకు మారుచున్నది. ఊరిపేర్లపైన ఐరిషు అక్షరములు చేరుచున్నవి. అంతియే. గేటు లేదు, గుడిసె లేదు, తుపాకి లేదు. 1923 ఏప్రిల్ 1న మొదటిసారి సుంకపు కేంద్రములు వెలసిన ఎల్ల యిది; 1972లో న్యూరీ సుంకపు కార్యాలయమున బాంబు ప్రేలి తొమ్మండుగురు మరణించిన ఎల్ల యిది; ఆ చుట్టుపట్ల కొండలపై సైన్యపు కావలి బురుజులు తొలగి అప్పటికి పండ్రెండేండ్లు గడచినవి. దాదాపు 500 కిలోమీటరుల పొడవున రెండు వందలకు పైబడిన త్రోవలు దీనిని దాటుచున్నవి. ఉత్తరమున పితికిన పాలలో మూడవవంతు దక్షిణమునకు శుద్ధికై పోవుచున్నది. డోనెగాల్ క్యాన్సరు రోగులు ఉత్తరముననున్న డెర్రీ ఆసుపత్రిలో కిరణచికిత్స పొందుచున్నారు. బెల్‌ఫాస్టు పసిబిడ్డలకు గుండె శస్త్రచికిత్స డబ్లినులో జరుగుచున్నది. బ్రిటను కూటమిని విడిచిన దినమున ఈ పసుపు గీత రెండు సుంకవ్యవస్థల నడిమి గీత కావలసి యుండెను. అచట మరల గేటు వెలయకుండుటకై, వేరు మార్గము కుదురువరకు దేశమంతయు సమాఖ్యతోడి సుంక ప్రాంతముననే నిలుచునను నియమము ఒప్పందమున చేర్చిరి. దానినే బ్యాక్‌స్టాప్ అనిరి. ఆ నియమము ఎన్నటికిని తెగని సంకెల యని కొందరును, ఉత్తర ఐర్లండును వేరుచేయు కుట్ర యని కొందరును భయపడుటచేతనే లండనులోని సభ స్తంభించిపోయినది.

సరిహద్దునకు కొద్ది దూరముననున్న టీ అంగడిలో, భర్తతో గూడి పాడి నడపుకొను ఒక గృహిణితో మాట కలిసినది. ఆమె యింట 1998 నాటి గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందపు ప్రతి యిప్పటికిని బీరువాలో కలదట. ఆ ఏప్రిల్ 10న ఒప్పందము కుదిరిన పిమ్మట, ప్రభుత్వము దాని పూర్తిపాఠమును ముద్రించి ఇంటింటికిని పంపినది. జనులు దానిని చదివి, వాదులాడుకొని, మే 22న వోటు వేయగా ఉత్తరమున నూటికి 71 మంది అంగీకరించిరి. "అప్పుడు చదివి వేసితిమి, 2016లో వేసినవారికి చదువుటకు ఏమున్నది?" అని ఆమె అడిగెను. ఆ వాక్యము నా మనస్సునకు వెంటనే తాకినది. మా కృష్ణాజిల్లా పల్లెలలో అన్నదమ్ములు వేరుపడునపుడు పెద్దమనుష్యులు మొదట బావి యెవరిది, కళ్ళము నెవరు వాడుకొందురు, దొడ్డిదారిన బండి పోవు హక్కు ఎవరికి కలదు అని పారీఖత్తులో వ్రాసి, చదివి వినిపించి, అటుపిమ్మటనే వ్రేలిముద్రలు వేయింతురు. బ్రిటను ముందుగా వ్రేలిముద్ర వేయించి, పిదప పారీఖత్తు వ్రాయ మొదలిడినది. వ్రాసిన ప్రతి పంక్తికిని సగము కుటుంబము ఇది మేము అడిగినది కాదనుచున్నది. జనవాక్యమును గౌరవింపవలసినదే; కాని ఏమి అడుగబడినదో ఆ మేరకే అది జనవాక్యము. అడుగని దానిని జనమే ఆజ్ఞాపించిరని చెప్పుకొనుట ఆ జనమునకు చేయు అపచారమని నాకు దృఢముగా తోచినది.

ఏప్రిల్ 10 అర్ధరాత్రి దాటువరకు బ్రస్సెల్సునందు ఇరువదియేడు దేశముల నాయకులు కూర్చుండి గడువును అక్టోబరు 31కి మరల పొడిగించిరి. మరునాటి యుదయమున అదే అంగడిలో ఆ వార్త మీదనే చర్చ. మే 22లోగా సభ ఏదియు తేల్చనిచో, మే 23న బ్రిటనుకూడ ఐరోపా పార్లమెంటునకు ప్రతినిధులను ఎన్నుకొనవలసి యుండెను. విడువదలచిన సభకు మనుష్యులను పంపుట! ఈమారు వోటునకు పోనే పోనని ఆ యింటి పెద్ద బల్ల చరచి చెప్పెను. చలికాలపు మేతకు, పాల కంపెనీతోడి కరారునకు అక్టోబరులోనే సంతకము పెట్టవలెను గదా, ఏ సుంకమును లెక్కలో వేయవలెను అని అతడడిగినదానికి అంగడిలో నెవ్వరివద్దను సమాధానము లేదు. ఆ గృహిణి మాత్రము తాను తప్పక పోయెదననియు, ఎవరు నిలిచినను ఈ గీతమీద గేటు పెట్టుదురా పెట్టరా యని ముఖముననే అడిగి, ఆ పిదపనే వోటు వేసెదననియు చెప్పి, భర్తను లెమ్మనెను.