రెండోసారి రావాలంటే

శనివారం నవీపేట్‌లో మేకల సంత. బేరాలను, చాయ్ బండ్లను దాటుకుని నిజామాబాద్ బస్సెక్కాను. జిల్లా కేంద్రంలోని సఖి కేంద్రంలో, లైంగిక దాడికి గురైన ఆడవాళ్ల మనసుకు ఎలాంటి వైద్యం జరుగుతుందో తెలుసుకోవాలని వెళ్లాను. బాధితులను కలుస్తానని అడగలేదు. వాళ్ల బాధను నా కథనం కోసం మళ్లీ తవ్వే హక్కు నాకు లేదు.

సఖి పథకం 2015 ఏప్రిల్ 1న మొదలైంది. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, కొద్దిరోజుల ఆశ్రయం ఒకే కప్పు కింద, ఉచితంగా అందాలన్నది ఉద్దేశం. పద్దెనిమిదేళ్లు నిండిన మహిళ కేసు పెట్టకపోయినా కౌన్సెలింగ్‌కు రావచ్చు. పిల్లల విషయంలో మాత్రం పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి.

మొదట ఏం అడుగుతారని కౌన్సెలర్‌ను అడిగాను.

"ఏమైందని అడగనక్కా. తలుపు వెయ్యాల్నా, తీసే ఉంచాల్నా అని అడుగుత."

ఆ జవాబు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దాడి జరిగినప్పుడు బాధితురాలి ఇష్టాన్ని ఎవడూ లెక్కచేయలేదు. తలుపు సంగతి ఆమె చెప్పినట్టే జరగడం చికిత్సలో మొదటి మెట్టు. జరిగింది చెప్పమని ఒత్తిడి చేయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2013 మార్గదర్శకాల్లో చెప్పింది.

"ఎందుకు అరవలేదు?" అన్న ప్రశ్న అందరికంటే ముందు ఇంట్లోవాళ్ల నుంచే వస్తుంది. తర్వాత ఆమె తనను తానే అడుక్కుంటుంది. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల అత్యవసర క్లినిక్‌కు వచ్చిన 298 మంది మహిళలపై జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. వారిలో 70 శాతం మందికి దాడి సమయంలో ఒళ్లు గణనీయంగా బిగుసుకుపోయింది. అంటే కదలకపోవడం ఒప్పుకోవడం కాదు, భయానికి శరీరం ఇచ్చే జవాబు. ఇది విన్నాకే కొందరు మనసారా ఏడుస్తారని కౌన్సెలర్ చెప్పింది.

జ్ఞాపకం మీద పడ్డప్పుడు పాదాలు నేలకు ఆనించి, చుట్టూ వినబడే చప్పుళ్లను ఒక్కొక్కటిగా గుర్తుపట్టడం నేర్పుతారు. అంతకు మించిన చికిత్సకు శిక్షణ ఉన్న సైకాలజిస్ట్ కావాలి. బాధితురాలు తట్టుకోగలిగిన వేగంతో ఆ జ్ఞాపకం దగ్గరికి వెళ్లి, 'తప్పు నాదే' అన్న నమ్మకాన్ని విప్పి చూడాలి. దానికి ఒక్క పూట చాలదు, వారాలు పడుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. "మొదటిసారి దవాఖానకని వస్తరు. రెండోసారి ఇంట్ల ఏం జెప్పాలె?" అంది కౌన్సెలర్. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఒక పూట రాకపోతే కూలి పోతుంది, ఊరు ఆరా తీస్తుంది. కోర్టు వాయిదాకు పిలుపు కాగితమైనా వస్తుంది. మనసు వైద్యానికి రాకపోతే అడిగేవాళ్లు లేరు. మన వ్యవస్థను కేసు చుట్టూ కట్టారు, మనిషి చుట్టూ కాదని నాకు గట్టిగా అనిపించింది.

మహిళల హెల్ప్‌లైన్ 181కి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. కానీ చాలా ఇళ్లలో ఆడవాళ్ల ఫోన్ వాళ్ల ఒక్కరి చేతిలోనే ఉండదు. అందుకే నవీపేట్ సర్కారు దవాఖానలో, శనివారం శనివారం, ఒక గదిలో ఒక మహిళా కౌన్సెలర్ కూర్చోవాలి. సంతకు వెళ్తున్నానంటే ఏ ఇంట్లోనూ ఎందుకని అడగరు.