సంగీత భోషాణానికి సంబంధం కుదిరింది

మన ఇళ్ళల్లో దాన్ని రేడియోగ్రామ్ అనేవాళ్ళం. తయారుచేసిన జర్మన్లు మాత్రం ‘మూజిక్ ట్రూహె’ అంటారు. ‘ట్రూహె’ అంటే పెద్ద పెట్టె, మన పాత మాటలో భోషాణం. మా ఇంట్లో ఉన్నది గ్రుండిగ్ కంపెనీవారి సంగీత భోషాణం. నాలుగున్నర అడుగుల పొడవు, ఇద్దరు పట్టుకున్నా ఆయాసపడే బరువు, వాల్‌నట్ చెక్క మెరుపు. ఒక తలుపు తీస్తే రికార్డు ఛేంజరు, రెండోది తీస్తే రేడియో, కింద జల్లెడ బట్ట వెనకాల స్పీకర్లు. టి. నగర్‌లో మా పాత ఇంటిని ఫ్లాట్లు కట్టేవారికి అప్పగించవలసి వచ్చినప్పుడు మంచాలకీ, బీరువాలకీ, రుబ్బురోలుకీ కూడా దారి దొరికింది. దీనికొక్కదానికే దొరకలేదు. మేము వెళ్ళే రెండు గదుల ఫ్లాటులో అది పట్టదు. ఎనభై ఎనిమిదేళ్ళ మా అత్తగారు ఒక్కటే షరతు పెట్టారు: “ఎవరికిచ్చినా సరే, అది పలకాలి.”

ఆ షరతు పట్టుకుని మద్రాసంతా తిరిగాం. ఊరి పేరు 1996లో చెన్నై అయింది కానీ, మా నోటికి ఇంకా మద్రాసే వస్తుంది. పాఠకులు మన్నించాలి.

అసలిది ఇక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలి. 1959లో పశ్చిమ జర్మనీ సహాయంతో గిండీ దగ్గర ఐఐటీ మొదలైంది. జర్మన్ ప్రొఫెసర్లు, ఇంజినీర్లు ఇక్కడికొచ్చి కొన్నేళ్ళు ఉండి వెళ్ళేవారు. విదేశీ సామాను దిగుమతి మీద గట్టి ఆంక్షలున్న రోజులవి. తిరిగి వెళ్ళిపోయేవారు అమ్ముకునే సామానుకి ఎంత గిరాకీయో ఆనాటి వారికి తెలుసు. అలా స్వదేశం వెళ్ళిపోతున్న ఒక ఇంజినీరు దగ్గర మా మామగారు దీన్ని కొన్నారు. ఏటా పోస్టాఫీసుకి వెళ్ళి రేడియో లైసెన్సు డబ్బు కట్టి, ఆ పుస్తకాన్ని ఇంటి పన్ను రసీదులతో కలిపి దాచేవారు.

గ్రుండిగ్ కథ కూడా తెలుసుకోదగ్గదే. యుద్ధం ముగిసిన తరువాత జర్మనీలో రేడియోలు స్వేచ్ఛగా అమ్మడానికి వీల్లేకపోయింది. ఫ్యుర్త్ పట్టణంలో మాక్స్ గ్రుండిగ్ అనే ఆయన 1946లో వాల్వులు లేని రేడియో కిట్టును తయారుచేశాడు. వాల్వులు లేవు గనుక అది రేడియో కాదు, బొమ్మ అన్నమాట! కొన్నవారే వాల్వులు సంపాదించుకుని బిగించుకునేవారు. ఆ తెలివితో మొదలైన కంపెనీ యూరప్‌లో పెద్ద రేడియో కంపెనీల్లో ఒకటైంది. 2003లో దివాలా తీసింది. ఇప్పుడు ఆ పేరు తుర్కియేకి చెందిన కంపెనీ చేతిలో ఉంది.

మా పిల్లలు భూగోళం సగం ఈ పెట్టె డయలు మీదే నేర్చుకున్నారు. హిల్వర్సమ్, లక్సెంబర్గ్, బేరోమ్యున్‌స్టర్ అంటూ గాజుపలక నిండా ఊళ్ళ పేర్లే. అందులో మద్రాసు లేదు, విజయవాడ లేదు. మామగారు సన్నని కాగితం ముక్క అంటించి దాని మీద పెన్సిలుతో ‘మ’, ‘వి’, ‘సి’ అని గుర్తులు పెట్టుకున్నారు. ‘సి’ అంటే సిలోన్, తెలుగు సినిమా పాటల కోసం. రాత్రివేళ విజయవాడ కేంద్రం వినబడితే చాలు, ఇంట్లో అందరూ మాటలు ఆపవలసిందే. స్టేషను సరిగ్గా కుదిరినప్పుడు పచ్చకన్ను రెప్పలు దగ్గరకి చేర్చేది.

ఆ డయలు మీద ఎఫ్.ఎం. కూడా ఉంది. మీడియం వేవ్‌లో తగినన్ని చోట్లు దక్కకపోవడంతో జర్మన్లు 1950 నాటికే ఎఫ్.ఎం. మీద పడ్డారు. మన దేశంలో తొలి ఎఫ్.ఎం. ప్రసారం 1977 జూలై 23న, అదీ మద్రాసులోనే మొదలైంది. అంటే మా పెట్టె ఆ గీతను పదేళ్ళకి పైగా ఊరికే మోసిందన్నమాట. తీరా మా పెట్టె డయలు 100 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. ఆకాశవాణి రెయిన్‌బో 101.4 మీద వచ్చింది. గుమ్మం దాకా వచ్చిన చుట్టం లోపలికి రానట్టయింది.

ఇక వెతుకులాట. పాతకాలంలోనైతే ఇలాంటివాటికి సెంట్రల్ స్టేషను పక్కన మూర్ మార్కెట్ ఉండేది. గ్రామఫోన్లు, పాత పుస్తకాలు అన్నీ అక్కడికే చేరేవి. 1985లో అది కాలిపోయింది. అందుకని మౌంట్ రోడ్డు వెనకాల రిచ్చీ స్ట్రీట్‌కి వెళ్ళాం. సెల్‌ఫోన్ల దుకాణాల మధ్య ఇంకా వాల్వు సెట్లు చూసే పెద్దాయన ఒకరు దొరికారు. ఇంటికొచ్చి చూసి, “ప్లగ్గు పెట్టకండమ్మా” అన్నారు. ఏళ్ళ తరబడి వాడని సెట్టుకి ఒక్కసారిగా కరెంటిస్తే లోపలి పాత కండెన్సర్లు పేలిపోతాయట. ఛాసీ విప్పి తీసుకెళ్ళి, కండెన్సర్లు మార్చి, బల్బు సిరీస్‌లో పెట్టి మెల్లగా ప్రాణం పోశారు. జర్మనీలో అప్పుడు 220 వోల్టులు, ఇక్కడ 230 గనుక వెనకాల మీటని 240 దగ్గర పెట్టారు. ఇఎల్84 వాల్వులు రష్యాలోనూ స్లొవేకియాలోనూ ఇంకా చేస్తున్నారట. అవి సులువుగానే వచ్చాయి. రికార్డు ముల్లు పట్టుకునే కార్ట్రిడ్జ్ మాత్రం పూర్తిగా పోయింది. అందులో ఉండేది ఒక రకం ఉప్పు స్ఫటికం. మద్రాసు చెమ్మకి అది బతకదు. దాని బదులు సిరామిక్‌ది వేశారు. “పలికే పెట్టెకే సంబంధాలొస్తాయి” అని నవ్వారు.

సంబంధాలు వచ్చాయి కూడా. కోడంబాక్కం వైపు సినిమా సెట్టింగులకి సామాను అద్దెకిచ్చే ఒకాయన చూసి ముచ్చటపడ్డాడు. కానీ ఆయనకి పైరూపమే చాలు, పలకనక్కర్లేదు. పాత ఫర్నిచర్ అమ్మే ఇంకొకాయన మంచి ధర చెప్పాడు. లోపలిదంతా తీసేసి గాజు గ్లాసుల అలమరా చేస్తానన్నాడు. మావారికి ఆ ధర చూసి కాస్త మనసు కదిలిన మాట నిజమే. బిల్డరు తొందర పెడుతున్నాడు, రోజులు దగ్గర పడుతున్నాయి. అత్తగారు మాత్రం “గొంతు తీసేసి పిల్లనిస్తారా?” అన్నారు. ఆ మాటతో బేరం ఆగిపోయింది. ఒక సంస్థవారిని అడిగితే చోటు లేదన్నారు. వారి ఇబ్బంది వారిది.

అప్పుడు తెలిసినవారి ద్వారా జార్జిటౌన్‌లో ఒక తెలుగు కుటుంబం మాట వచ్చింది. తరతరాలుగా అక్కడే వ్యాపారం చేసుకుంటున్న ఇల్లు. ముందు అరుగు, మధ్యలో ఆకాశం కనబడే మండువా. వాళ్ళ తాతగారు కొన్న 78 ఆర్.పి.ఎమ్. రికార్డులు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. పాడించే యంత్రమే లేదు. మూత తీస్తే నాటక పద్యాలు, క్షేత్రయ్య పదాలు, మధ్యమధ్య ఓడియన్ లేబుళ్ళు. ఓడియన్ బెర్లిన్‌లో పుట్టిన కంపెనీ. 1930లలో మౌంట్ రోడ్డులోని సరస్వతీ స్టోర్స్‌వారు ఇక్కడ దాని ఏజెంట్లు. మద్రాసులో పాడిన పాట జర్మనీలో రికార్డుగా అచ్చయి ఓడెక్కి తిరిగొచ్చేది. రెండవ ప్రపంచయుద్ధంతో ఆ రాకపోకలు ఆగాయి. జర్మనీలో అచ్చయిన రికార్డులు ఒక ఇంట్లో, జర్మనీలో చేసిన యంత్రం ఇంకో ఇంట్లో ఇన్నాళ్ళూ ఒకే ఊళ్ళో వేరువేరుగా ఉండిపోయాయి!

ఆ పేట కూడా వినికిడికి పేరున్న పేటే. వీణ ధనమ్మాళ్ గారు (1867–1938) జార్జిటౌన్‌లోని తమ ఇంట్లోనే శుక్రవారం సాయంత్రాలు వీణ వాయించేవారు. క్షేత్రయ్య పదాలకి ఆమె ఇల్లు పెట్టింది పేరు. పెద్దపెద్ద విద్వాంసులు వచ్చి, చప్పుడు చెయ్యకుండా కూర్చుని వినేవారు. తెలుగువాడైన వి.ఎ.కె. రంగారావు గారు ఈ మద్రాసులోనే వేలకొద్దీ 78 రికార్డులు పోగుచేశారు. పాత పాటని దాచుకునే అలవాటు ఈ ఊరికి కొత్త కాదు.

డబ్బు మాట ఎత్తలేదు. రిపేరు ఖర్చు వాళ్ళు పెట్టుకుంటామన్నారు, సగానికి ఒప్పుకున్నాం. ఇక్కడివాళ్ళు ‘కుట్టి యానై’ అని పిలుచుకునే చిన్న టాటా బండి మీద, దుప్పట్లు చుట్టి పంపాం. సారె పెట్టినట్టు మా ఎల్పీలు కూడా వెంట పంపించాం. సుప్రభాతం, ఘంటసాల గారి భగవద్గీత మాత్రం అత్తగారు ఉంచుకున్నారు. వినడానికి కాదు, చూసుకోవడానికి.

ఆ ఆదివారం అందరం వెళ్ళాం. ముల్లుని 78కి మార్చే మీట మీద ‘ఎన్’, ఎల్పీకి ‘ఎమ్’ అని ఉంటుంది. ఆ ఇంటి మనవడికి అది చూపించాను. లక్క రికార్డులని ఛేంజరు మీద దొంతరగా పెట్టి జారవిడిస్తే పగులుతాయి, ఒక్కొక్కటే పెట్టాలని మావారు చెప్పారు. ముందు గరగర, తరువాత పద్యం. ఆ ఇంటి పెద్దావిడ తన మామగారు రాగం తీసే తీరు చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు. మా అత్తగారు పెన్సిలు గుర్తుల కాగితం చూపించి, “ఇది మాత్రం పీకెయ్యకండి” అన్నారు. “మేమెందుకు పీకుతామమ్మా, ‘వి’ అంటే ఏమిటో చెప్పండి” అన్నాడు మనవడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటివి మూలన ఉండి ఉంటాయి. ఢిల్లీలో ఉన్నా, బొంబాయిలో ఉన్నా, డెట్రాయిట్‌లో ఉన్నా ఇల్లు మారే రోజు ఒకటి వస్తుంది. తెలిసినవారికి చూపించకుండా కరెంటు పెట్టకండి. ధర అడిగే ముందు, కొనేవారి ఇంట్లో రికార్డులున్నాయో లేవో అడగండి. అవి ఉన్న ఇంట్లో చోటు ఎలాగూ దొరుకుతుంది.