వాగులో పడ్డ ఉంగరం

రండి, మంటకు కాస్త దగ్గరగా జరగండి. మారేడుమిల్లిలో పొద్దు వాలితే చాలు, చలి నేల మీంచి పైకి పాకుతుంది. అవతల బొంగుల్లో కోడి కూరి నిప్పుల మీద పెట్టారు. అది ఉడికేలోగా మీరడిగిన సంగతి తేల్చేద్దాం. నీళ్లలో పనిచేసే మెటల్ డిటెక్టర్ ఒకటి కొనాలా వద్దా అన్నారు. పొద్దున జలతరంగిణి జలపాతం దగ్గర ఆ అమ్మాయి ఉంగరం జారిపోయి అంతమంది వంగి వెతకడం చూశాక వచ్చిన ఆలోచన కదూ?

ఆలోచనలో న్యాయం ఉంది. చన్నీళ్లలో వేళ్లు సన్నబడతాయి, ఉంగరం వదులవుతుంది. జనం వాగులో దిగి నీళ్లు చల్లుకుంటారు, జారుడు బండ మీద పడబోయి చెయ్యి ఆనిస్తారు, గొలుసు కొక్కెం ఊడుతుంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఈ దారిలో బస్సులూ కార్లూ చూస్తున్నారు కదా, ఇంతమంది దిగిన నీళ్లలో ఏదో ఒకటి పడే ఉంటుంది. పైగా బంగారం ఎటూ పోదు. మేలిమి బంగారం సాంద్రత 19.3, వాగు ఇసుకది 2.6 దాకా ఉంటుంది. నిలకడ మడుగులో పడిన ఉంగరం పడినచోటే దిగుతుంది. వడి ఉన్నచోట పడితే కాస్త దొర్లి, మొదటి బండ వెనకాలో, రాతి నెరియలోనో చిక్కుకుంటుంది. ఒకసారి చిక్కుకుంటే వానాకాలం వరద దాన్ని కదిలించాల్సిందే.

మరి యంత్రం దాన్ని పట్టుకోదా అంటారు. పట్టుకుంటుంది, కానీ దాని తీరు తెలుసుకుని మరీ డబ్బు తియ్యాలి. చివర ఉన్న గుండ్రటి కాయిల్ నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దగ్గరలో లోహం ఉంటే అందులో చిన్న విద్యుత్తు పుడుతుంది, ఆ మార్పు మీ చెవిలో మోతగా వినబడుతుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను కాల్చినప్పుడు, ఒంట్లో గుండు ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ గ్రాహంబెల్ ఇలాంటి యంత్రమే తయారుచేసి తెచ్చాడు. గుండు దొరకలేదు. పరుపులో ఉన్న ఉక్కు స్ప్రింగులు మోతను చెడగొట్టాయని తర్వాత చెప్పుకున్నారు. వైద్యుడు ఒక పక్కే వెతకనిచ్చాడు, గుండేమో రెండో పక్కన ఉంది.

నూట నలభై ఏళ్లు దాటినా ఆ చిక్కు చిక్కుగానే ఉందండీ. మన వాగు అడుగున ఉన్నది ఉంగరం ఒక్కటే అయితే బాగుండు. సీసా మూతలు, శీతల పానీయాల డబ్బాల రింగులు, బిర్యానీ పొట్లం కట్టిన అల్యూమినియం కాగితం, గుట్కా పొట్లాల తళుకు, అన్నీ అక్కడే ఉన్నాయి. ఇనుమును పక్కన పెట్టమని యంత్రానికి చెప్పొచ్చు. అల్యూమినియం ముక్కను వదిలెయ్యమంటే మాత్రం సన్నటి బంగారు ఉంగరాన్నీ వదిలేస్తుంది, రెండూ దానికి ఒకే తీరున వినబడతాయి మరి. అంటే ఉంగరం కావాలంటే మూతా, రేకూ, రింగూ అన్నీ తవ్వి చూడాల్సిందే. జనం ఎంత చెత్త వేస్తే అంత తవ్వాలి.

ఇక లోతు సంగతి. పెట్టె మీద 200 అడుగులు అని ఉంటుంది, చూసి మురిసిపోకండి. అది యంత్రం తడికి తట్టుకునే లోతు. ఉంగరాన్ని పసిగట్టే లోతు జానెడు, బాగా కుదిరితే అడుగు. మైన్‌లాబ్ వాళ్ల ఈక్వినాక్స్ 800, గారెట్ వాళ్ల ఏటీ ప్రో లాంటివి సుమారు 3 మీటర్ల నీళ్లకు ఓర్చుకుంటాయి. మన వాగుల మడుగులకు అవి ఎక్కువే. మైన్‌లాబ్ ఎక్స్‌కాలిబర్ 2, గారెట్ సీ హంటర్ లాంటివి సముద్రంలో మునిగేవాళ్ల కోసం చేసినవి. ఒక మాట గుర్తుపెట్టుకోండి: తీగ లేని హెడ్‌ఫోన్స్ నీళ్ల కింద పనిచెయ్యవు, వాటి రేడియో తరంగాలు నీళ్లలో ఎంతో దూరం పోవు. మూడు మీటర్ల రకానికి నీళ్లలో పనికొచ్చేలా చేసిన తీగ హెడ్‌ఫోన్స్ విడిగా కొనాలి, దానికి మళ్లీ ఖర్చు.

మన కొండల రాయి మీద నాకు ప్రేమ ఎక్కువే, కానీ డిటెక్టర్‌కు అది పడదు. తూర్పు కనుమల ఖొండలైటులో ఎర్రగా మెరిసే గార్నెట్ ఉంటుంది, అందులో ఇనుము ఉంది. చార్నొకైటులో మాగ్నటైటు రేణువులుంటాయి. పైన ఎర్రటి లాటరైటు సరే సరి. ఇలాంటి నేల మీద కాయిల్ కదిపిన ప్రతిసారీ యంత్రం కూస్తుంటుంది. నేలకు తగ్గట్టు సరిచేసుకునే మీట ఉంటుంది గానీ, వాగులో అడుగు అడుగుకూ రాయి మారిపోతే ఎన్నిసార్లని తిప్పుతారు? ఉప్పునీళ్లలో ఇంకో తంటా, ఉప్పునీరే విద్యుత్తును పోనిచ్చి తప్పుడు మోత పుట్టిస్తుంది. అక్కడికి ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు వాడేదో, పల్స్ ఇండక్షన్ రకమో కావాలి.

ఉప్పునీళ్లంటే ఉప్పాడ గుర్తొస్తుంది. కాకినాడ పక్కన ఆ ఊరిని సముద్రం ఏళ్ల తరబడి కోసుకుంటూ పోతోంది. ఇళ్లు, గుళ్లు కడలిలో కలిశాయి. తుపాను వచ్చి వెళ్లాక ఒడ్డున బంగారు రేణువులు, ముక్కలు దొరుకుతాయని ఊరంతా ఇసుకలో కూర్చుని వెతుకుతుంది. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత పత్రికలు ఫోటోలతో రాశాయి. వాళ్ల చేతుల్లో యంత్రాలు లేవు, వేళ్లూ కళ్లే. ఆ వెతికేది కూడా ఎవరిదో కొట్టుకుపోయిన బతుకులోంచే కదా, నాకు ఆ ఫోటోలు చూస్తే గొంతు పట్టేసింది.

ఈ కొండల్లో రంగురాళ్లకు డిటెక్టర్ పనికొస్తుందా అని కూడా చాలామంది అడుగుతారు. గొలుగొండ మండలం కరక కొండ పేరు విన్నారుగా, వాళ్ల ఆశంతా దాని మీదే. రంగురాయి లోహం కాదు, దాన్ని యంత్రం పట్టుకోదు. కర్నూలు జిల్లా జొన్నగిరి వజ్రాలకూ అంతే.

నిధుల కబుర్లు కూడా ఈ మంటల దగ్గరే పుడతాయి. ఫలానా మడుగులో బిందె ఉంది, ఫలానా గుహలో పెట్టె ఉంది అంటారు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో ప్రభుత్వం అనుమతిచ్చి, అధికారుల కళ్లెదుటే తవ్వించింది. నెలల తరబడి తవ్వినా నిధి బయటపడలేదు.

ఈ కొండల్లో నిజంగా దొరకగలిగింది వేరే ఉంది, నాకు అన్నిటికన్నా గుబులు దాని గురించే. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడ్డారు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం. రెండేళ్లు ఈ వాగులూ గండ్లూ దాటుతూ పోరాడారు. అంతకుముందు 1879లోనూ రంప పితూరీ జరిగింది. ఒక తూటా తొడుగో, తుప్పు పట్టిన తుపాకీ ముక్కో, పాత వెండి రూపాయో ఏ మడుగు అడుగునైనా ఉండొచ్చు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువు పురావస్తువు. సీతారామరాజు కాలం నాటివి ఆ గీత ఇప్పుడే దాటాయి. వాటితో వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు ఉండాలి, మనంతట మనం దేశం దాటించడం నేరం. 1878 నాటి నిధుల చట్టమైతే నేలలో దాగిన వస్తువు విలువ పది రూపాయలు దాటినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపమంటుంది. తెలపకపోతే ఏడాది దాకా జైలు. చట్టం సంగతి అలా ఉంచండి. ఆ తూటా ఎక్కడ, ఎంత లోతులో, దేని పక్కన దొరికిందన్నదే దాని చరిత్ర. మనం పీకి సంచిలో వేసుకున్నామంటే ఇక అది ఉత్త లోహపు ముక్కే.

పోనీ ఎవరో పోగొట్టుకున్న ఉంగరమే దొరికిందనుకుందాం. సొంతదారు ఎవరో తెలిసి గానీ, తెలుసుకునే వీలున్నా ప్రయత్నించకుండా గానీ వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను కిందికి వస్తుంది. వాగు ఒడ్డు రిజర్వు ఫారెస్టు అయితే తవ్వడానికి అటవీ శాఖ అనుమతి కావాలి. మన్యంలో కల్వర్టుల కింద మందుపాతరలు ఉన్నాయేమోనని పోలీసులు ఇలాంటి యంత్రాలతోనే వెతికేవారు. మీరు అదే పట్టుకుని కల్వర్టు దగ్గర వంగితే ఏమనుకుంటారో మీరే చెప్పండి. వీటన్నిటికన్నా ముందు ఊరివాళ్లను అడగాలి. ఇది షెడ్యూల్డు ప్రాంతం, 1996 నాటి పెసా చట్టం ఇక్కడి గ్రామసభకు గొంతు ఇచ్చింది. పైన మీరు అడుగు కెలికితే కిందనున్న కొండరెడ్ల పల్లెకు బురద నీళ్లు పోతాయి. బిందె పట్టుకుని వచ్చిన ఆవిడకు ఏం జవాబు చెబుతాం?

ప్రాణాల మాట కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరులో జలతరంగిణి దగ్గరే ఉన్నట్టుండి నీరు ఉధృతమై, విహారానికి వచ్చిన వైద్య విద్యార్థులను లాక్కుపోయింది, ముగ్గురు పోయారు. పై కొండ మీద వాన పడితే కింద ఎండ కాస్తుండగానే వాగు పొంగుతుంది. చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అడుగునే చూస్తున్న మనిషికి ఆ హోరు వినబడదు. ఇక గోదావరిలో దిగే ఊహే వద్దు. 2019లో కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ట బోటును పైకి తియ్యడానికి నౌకాదళం వచ్చింది, సోనార్‌తో గాలించారు. చివరికి కాకినాడ ధర్మాడి సత్యం బృందం తాళ్లూ లంగర్లూ వేసి, సెప్టెంబరు 15న మునిగిన బోటును అక్టోబరు 22కు గానీ బయటికి లాగలేకపోయింది. అంతటి లోతుల్లో చేతి డిటెక్టర్ చేసేదేమీ లేదు.

కొనదగ్గవాళ్లు లేకపోలేదు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రాజమండ్రి రేవుల్లో కుర్రాళ్లు తాడుకు అయస్కాంతం కట్టి నాణేలు తీస్తుంటారు. స్టీలు రూపాయి దానికి అంటుకుంటుంది గానీ బంగారం అంటుకోదు. అలాంటిచోట ఈత వచ్చిన నలుగురు కలిసి, మూడు మీటర్ల రకం ఒకటి కొని, పోలీసులకు చెప్పి, పోగొట్టుకున్నవాళ్ల వస్తువులు వెతికిపెట్టే పని పెట్టుకుంటే దానికో అర్థం ఉంది. సీసా మూతలూ, రేకులూ ఏరడానికైనా పనికొస్తుంది.

మారేడుమిల్లి వాగుల కోసమైతే కొనకండి. ఏదైనా పడిపోతే నీళ్లు కెలక్కుండా ఆ చోటు గుర్తుపెట్టుకుని, తెల్లారి నీరు తేరుకున్నాక ఈతకొట్టే కళ్లద్దాలతో బండల వెనకాల చూడమనండి. స్థానిక కుర్రాళ్లకు కూలి ఇచ్చి తోడు పిలుచుకోండి, ఏ రాయి కింద ఏం ఆగుతుందో వాళ్లకు తెలుసు. రేపు అమృతధార జలపాతానికి వెళ్తారుగా, దిగేముందు మీవాళ్లందరి ఉంగరాలూ తీయించి సంచిలో వేయించండి. వచ్చేటప్పుడు మీ సీసాలూ మూతలూ మీరే పట్టుకొచ్చెయ్యండి.