మా ఇంట్లో పగలే రాత్రి

చిన్నప్పుడు మీ ఇంట్లో ఎక్కువసార్లు విన్న మాట ఏది? చదువుకో, అన్నం తిను, టీవీ కట్టెయ్... ఇలాంటివే అయ్యుంటాయి. మా ఇంట్లో మాత్రం ఒకటే: ‘ష్... బాపు పండుకున్నడు.’

మాది గోదావరిఖని. బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్ మారుతూ ఉండేవి. నైట్ అంటే రాత్రి 11కి పోయి పొద్దున 7 దాటాక రావడం. ఆ వారమంతా మా రెండు గదుల క్వార్టర్‌లో పగలే రాత్రి! కిటికీకి దుప్పటి కట్టేవాళ్లం. కుక్కర్ విజిల్ వేస్తుందని అమ్మ పప్పు గిన్నెలోనే ఉడికించేది. అంట్లన్నీ బయట నల్లా దగ్గరే. సెలవు రోజుల్లో నేనూ తమ్ముడూ కళ్లతోనే కొట్లాడుకునేవాళ్లం. నమ్మరేమోగానీ, చప్పుడు కాకుండా ఏడవడం కూడా వచ్చు నాకు.

ఇదేదో క్రమశిక్షణ అనుకోకండి, భయం. నిద్ర చాలని మనిషి బాయి దిగితే ఏమవుతుందో కాలనీలో ఐదేళ్ల పిల్లకైనా తెలుసు. నిద్ర చాలినా బాయి బాయే. 2003 జూన్‌లో మా ఊళ్లోని 7ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆ తర్వాత మాకు ‘ష్’ అని ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు.

ఆ అలవాటు నాతోపాటే హైదరాబాద్ వచ్చేసింది. హాస్టల్లో అడుగుల చప్పుడు కూడా రాకుండా నడుస్తానని రూమ్మేట్లు నాకు ‘దయ్యం’ అని పేరు పెట్టారు. ఆఫీసు అప్రైజల్‌లో ‘ఇంకాస్త గట్టిగా మాట్లాడాలి, కాన్ఫిడెన్స్ పెంచుకోవాలి’ అని రాశారు. కాన్ఫిడెన్స్‌కీ గొంతుకీ సంబంధం ఏంటో నాకైతే అర్థం కాదు. రాత్రంతా క్యాబ్ నడిపి సీట్లోనే కునుకు తీసే డ్రైవర్ పక్కన హారన్ కొట్టేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. ఇంట్లోంచి ఎవరు బయటికెళ్తున్నా, ఎంత కోపంలో ఉన్నా, ‘మంచిగ పోయి రా’ అనకుండా ఉండలేను. షిఫ్టుకు పోయే మనిషిని కోపంతో సాగనంపొద్దని అమ్మ రూలు.

ఇక్కడివరకూ బాగానే ఉంది. మా ఆయనది తెనాలి. వాళ్లింట్లో పైకప్పు ఎగిరిపోయేలా అరుచుకుంటారు, అరగంటకల్లా కలిసి టీ తాగుతారు. నేనేమో గొడవైతే మూడు రోజులు నోరు విప్పను. అలిగాననుకుంటాడు. కోపం వస్తే దాన్ని గొంతులోంచి బయటికి ఎలా తేవాలో మా ఇంట్లో ఎవరికీ నేర్చుకునే వీలే లేదు మరి. పెళ్లయిన నాలుగేళ్లకు ఈ ముక్క కూడా ఆయనకు పక్క గదిలోంచి వాట్సాప్‌లో టైప్ చేసి పంపాను!

మా పాపకు రెండేళ్లు. అది అరిస్తే అపార్ట్‌మెంట్ మొత్తానికి వినిపిస్తుంది. నా పెదాల మీదికి ‘ష్’ దానంతటదే వచ్చేస్తుంది, ఆపుకుంటాను. పక్కింట్లో ఎవరో నైట్ షిఫ్ట్ చేసి పడుకున్నారేమో అన్న ఆలోచన దానికి రావాలి. కోపమొస్తే అరవడమూ రావాలి. రెండూ ఒకే పిల్లకు ఎలా నేర్పుతారో తెలిసినవాళ్లు చెప్పండి.

మొన్న దసరాకి ఊరెళ్లాం. బాపు రిటైరై మూడేళ్లవుతోంది. మధ్యాహ్నం ఆయన మంచం మీద వాలాడో లేదో, పాప స్టీలు గిన్నె బోర్లించి గరిటెతో వాయించడం మొదలుపెట్టింది. అమ్మా నేనూ ఒకేసారి ‘ష్’ అన్నాం. బాపు కళ్లు తెరవకుండానే అన్నాడు:

‘కొట్టనీయుండ్రి. బాయిల బ్లాస్టింగులకు చెవులు ఎప్పుడో పోయినయ్. గింత చప్పుడు జేస్తెనే పిల్ల ఇంట్ల ఉన్నట్టు నాకు ఎరుకైతది.’