పెద్ద లెక్కకు చిన్న దారి

గణితమనగానే మనలో పెక్కురు అది మనకు గాని విద్యయని పుస్తకము మూసివేయుదురు. కావ్యములు చదివిన గృహిణికి కంప్యూటరు లెక్కలతో నేమి పనియని మీరడుగవచ్చును. మా యింట జరిగిన యొక విషయమును విన్నవించెదను. పిమ్మట మీరే నిర్ణయింపుడు.

నేను పుట్టినింట తాతగారియొద్ద అమరమును, భారతమును, కొన్ని ప్రబంధములను చదువుకొంటిని. నా భర్త ద్రాక్షారామమున గణితోపాధ్యాయులు. మా యాడుబిడ్డ కుమార్తె ఇంజనీరింగు కళాశాలలో కంప్యూటరు విద్య నభ్యసించుచున్నది. వేసవి సెలవులకు మా యింటికి వచ్చి, "అత్తయ్యా, ఈ చదువు నాకబ్బదు, మానివేసెదను" అని కంట తడిపెట్టినది. ఇంటిపెద్దలు నదియే మేలనుచుండిరి.

కారణమడిగితిని. 200 వస్తువులలోనుండి 100 వస్తువుల నెన్ని విధములుగ నేరవచ్చునో చెప్పు ప్రోగ్రామును వ్రాసినదట. సూత్రము సరియైనదే. యంత్రము మాత్రము "సంఖ్య కాదు" అని బదులిచ్చుచున్నది.

అప్పుడు నాకు పావులూరి మల్లన జ్ఞప్తికి వచ్చెను. రాజరాజనరేంద్రుని కాలమువాడని ప్రసిద్ధిగాంచిన యీ కవి, మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథమును తెనిగించెను. చదరంగపు గళ్ళలో మొదట నొక గింజయు, ఆపై గడిగడికి రెట్టింపును ఉంచినచో మొత్తమెంతయగునో యొక పద్యమున చెప్పెను. ఆకాశమనిన సున్న, చంద్రుడనిన ఒకటి, వేదములనిన నాలుగు, బాణములనిన అయిదు. అంకెలను కుడినుండి యెడమకు పేర్చుకొనవలెను. పేర్చి చూపితిని: 18446744073709551615.

పిల్ల తెల్లబోయి, "ఇది మాకు తెలిసిన సంఖ్యయే, అత్తయ్యా! 64 బిట్ల గదిలో పట్టు పూర్ణసంఖ్యలలో నెల్ల పెద్దది" అన్నది. ఆ గదికి హద్దున్నట్లే దశాంశసంఖ్యల గదికిని హద్దు కలదట. 1 ప్రక్కన 308 సున్నలు పెట్టిన సంఖ్యకు రెట్టింపు కూడ నందు పట్టదు. 1 మొదలు 170 వఱకు వరుసగ గుణించిన లబ్ధము పట్టును. 171తో గుణింపగనే పొంగిపోయి "అనంతము" అగును. మా పిల్ల లెక్కలో 200 వఱకు గుణింపవలెను. భాజ్యమును అనంతమే, భాజకమును అనంతమే. ఇక యంత్రమేమి చెప్పగలదు?

నా భర్త బీరువాలోని సంవర్గమాన పట్టికల పుస్తకమును తెచ్చిరి. స్కాట్లండు దేశీయుడైన నేపియరు 1614లో ప్రకటించిన యీ యుపాయమువలన గుణకారము కూడికయగును, భాగహారము తీసివేతయగును. ధాన్యమంతయు మోసికొనిపోక బస్తాల లెక్క వ్రాసిన చీటిని పంపినట్లన్నమాట. రెండుయొక్క సంవర్గమానము 0.30103, దానిని 64తో గుణించిన 19.27 వచ్చును. కావున మల్లన సంఖ్యకు ఇరువది యంకెలని యొక్క గడియైన రెట్టింపకయే తెలియును.

కంప్యూటరు భాషలలో "ఎల్‌గామా" యను ప్రమేయము కలదు. అది యీ వరుస గుణకారములు చేయకయే వాని లబ్ధముయొక్క సహజ సంవర్గమానమును తిన్నగా నిచ్చును. దానిని 2.302585తో భాగించిన పదింటి సంవర్గమానమగును. 200 వఱకు లబ్ధమునకు 374.8969, 100 వఱకు లబ్ధమునకు 157.9700. మొదటిదానినుండి రెండవదానిని రెండుమార్లు తీసివేయగా 58.9569 మిగిలెను. అనగా జవాబునకు 59 అంకెలు, మొదటివి 905. యంత్రము "సంఖ్య కాదు" అన్నది నిక్షేపమువంటి సంఖ్యయే! అయితే యీ దారిని అంకెలన్నియు రావు. సుమారు మొదటి పండ్రెండింటినే నమ్మవలెను. తుది యంకె వఱకు కావలసినచో పైథాను భాషలోని పూర్ణసంఖ్యలతోనే లెక్కింపవలెను.

పిల్ల ఆ రాత్రియే ప్రోగ్రామును తిరుగవ్రాసినది. సెలవులు ముగియగనే కళాశాలకు మరలిపోయినది.

అమ్మలారా! మీ యింటి యాడుపిల్ల లెక్క రాలేదని యేడ్చినప్పుడు, "నీకెందుకే యీ చదువు" అనకుడు. ఏ మెట్టున నాగినదో తెలుగున చెప్పుమని యడుగుడు, తుదివఱకు వినుడు. మనము చదువుకొన్నది స్వల్పమైనను, అందేదో యొకటి యామెకు అక్కఱకు రావచ్చును.