అమ్మాయి ఇచ్చిన సారె

'సారె' అన్న మాటకు మన భాషలో రెండర్థాలున్నవి. ఆడపిల్లను అత్తవారింటికి పంపుతూ వెంట ఇచ్చే పసుపు కుంకుమలు, మిఠాయిలు ఒక సారె. కుమ్మరి కుండ చేసే చక్రం మరొక సారె. నిరుడు వేసవిలో స్టాక్‌హోంలోని మా అమ్మాయి ఇంటికి వెళుతూ మేము అరిసెలూ సున్నుండలూ మోసుకొనిపోతే, ఆమె నాకు రెండవ రకం సారెను అప్పగించింది. మూడు నెలలు దానితో కాపురం చేసి వచ్చాను కనుక నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

అమ్మాయి వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టు. వాళ్ల అపార్టుమెంటు నేలమాళిగలోని వ్యాయామశాలలో ఉన్నదీ యంత్రం. చూడడానికి పొట్టి పీటలా ఉంటుంది. అడుగున ఒక ఇరుసు, ఇరుసుకు బిగించిన లోహపు చక్రం, ఇరుసుకు చుట్టుకొనే గట్టి పట్టీ. పట్టీ పైకొనను నడుముకు కట్టుకొన్న పటకాకు తగిలిస్తారు. వంగిన మోకాళ్లతో మొదలుపెట్టి పైకి లేస్తే పట్టీ విప్పుకొంటూ చక్రాన్ని తిప్పుతుంది. నిటారుగా నిలబడేసరికి పట్టీ అయిపోతుంది గాని చక్రం ఆగదు; అదే ఊపున పట్టీని మరల చుట్టుకొంటూ మనిషిని కిందికి లాగుతుంది. ఆ లాగుడును నిలవరిస్తూ మెల్లగా దిగాలి. అంటే బస్కీలే. ముప్పైమూడేళ్లు బడిపిల్లలచేత గుంజిళ్లు తీయించిన పంతులుకు తగిన యంత్రమని మా ఆవిడ వ్యాఖ్యానం.

ఇందులో బరువులు లేవు. ఆ రహస్యం అంతరిక్షంలో ఉన్నది. భారరహిత స్థితిలో వ్యోమగాముల కండరాలూ ఎముకలూ క్షీణిస్తాయి. అక్కడ ఇనుపగుండు ఎత్తి ప్రయోజనమేమున్నది, దానికి బరువే లేనప్పుడు? కాని ద్రవ్యరాశి ఎక్కడికీ పోదు. కదలని వస్తువును కదిలించడానికీ, తిరిగేదాన్ని ఆపడానికీ అక్కడ కూడా బలం కావాలి. ఈ సూత్రం ఆధారంగా స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా సంస్థలో హాన్స్ బెర్గ్, పెర్ టెష్ అనే పరిశోధకులు గురుత్వాకర్షణతో నిమిత్తం లేని వ్యాయామసాధనాన్ని రూపొందించి, 1994లో దానిపై పత్రం ప్రకటించారు. మా ఊరి కుమ్మరి, సారె అంచున కర్ర పెట్టి నాలుగు తిప్పులు తిప్పి వదిలి, ఆ ఊపు మీదనే కుండ లేపేవాడు. ఆయనకు ఈ సూత్రం చేతివేళ్లకు తెలుసు.

భౌతికశాస్త్రంలో దీనినే జడత్వం అంటారు. లోకవ్యవహారంలో జడుడంటే కదలనివాడు. శాస్త్రంలో మాత్రం కదిలేదానికి ఆగకపోవడం కూడా జడత్వమే! ముసలితనపు జడత్వానికి చక్రపు జడత్వం మందు అన్నమాట.

ఇక నాకు దీనితో పనేమిటి? మా అన్నగారు మూడేళ్ల క్రితం సొంత ఇంటి మెట్ల మీద పడ్డారు. ఎక్కుతూ కాదు, దిగుతూ. తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స బాగానే జరిగినా, ఆయన మరల నేలమీద కూర్చుని భోంచేయలేదు. గుమ్మం దాటడానికి కూడా మనిషి తోడు కావాలి. ఆనాటి నుండి నేను ప్రతి మెట్టునూ అనుమానంగా చూస్తూ, గోడ పట్టుకొని దిగేవాణ్ణి. అమ్మాయి అది కనిపెట్టింది. మెట్టు ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకొంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు ఒంటి బరువును పట్టి ఆపుతూ సాగుతుంది. ఈ రెండవ పనికే చక్రం ప్రత్యేకంగా సానపడుతుంది.

"నాన్నగారూ, దీనికి దయాదాక్షిణ్యాలు లేవు. మీరు ఎంత ఇస్తే అంతే తిరిగి ఇస్తుంది" అన్నది మొదటిరోజు. ఒరిపిడికి పోయే కొంచెం మినహా అది అక్షరాలా నిజం. ఓపిక తగ్గి మెల్లగా లేస్తే, తిరుగులాగుడు కూడా మెల్లగానే ఉంటుంది. మీద పడే బరువు లేదు గనుక నలిగిపోయే భయం లేదు. అపాయమంతా రెండుచోట్ల ఉన్నది.

మొదటిది పట్టీ పొడవు. నిటారుగా నిలబడిన క్షణానికి పట్టీ సరిగ్గా విప్పుకొనిపోవాలి. పొడవు ఎక్కువైతే, మనం నిలబడిన తరువాత కూడా చక్రం పట్టీని వదులుతూనే ఉండి, వదులు చుట్టుకోగానే నడుమును హఠాత్తుగా గుంజుతుంది. తక్కువైతే పూర్తిగా లేవకముందే వెనక్కు లాగుతుంది. అమ్మాయి ఈ ఒక్క కొలతకే మొదటి సాయంకాలమంతా వెచ్చించింది. చక్రాన్ని తిప్పనివ్వలేదు. నేను లేవడం, ఆమె పట్టీని ఒక అంగుళం సవరించడం, మరల కూర్చోవడం. ఛందస్సు నేర్పేటప్పుడు గణవిభజన రాకుండా పద్యం జోలికి పోనీయని నా పద్ధతే నాకు అప్పజెప్పింది.

రెండవది ఆపడం. ఆఖరుసారి లేచేటప్పుడు బలం తగ్గించి, దిగేటప్పుడు మొదటినుండీ నిలవరిస్తూ, చక్రం నిలిచేవరకు వేదిక దిగరాదు. తిరిగే చక్రాన్ని చేత్తో గాని కాలితో గాని ఆపబోవడం వేళ్లు పోగొట్టుకొనే పని. ఉత్తరీయం, చీరకొంగు, జడ దాని దరికి పోరాదు. మా మనవరాలికి గుమ్మం బయటే హద్దు గీశాము.

మిగిలినవి చిన్న జాగ్రత్తలు. చక్రం బిగింపునూ, పట్టీ అంచున పోగులు లేచినవేమో అన్నదానినీ ప్రతిసారీ చూసుకోవాలి. నేల సమంగా ఉండాలి, మేజోళ్లతో ఎక్కరాదు, చేతికందేటట్లు ఒక గట్టి కమ్మీ ఉండాలి. చక్రాలలో చిన్నదానితో మొదలుపెట్టాలి, నాది 0.010 కిలోగ్రాం-చదరపు మీటర్ల జడత్వ భ్రామకం కలది. ద్రవ్యరాశి అదే ఉండి వ్యాసార్ధం రెట్టింపైతే జడత్వ భ్రామకం నాలుగింతలవుతుంది కనుక, కొంచెం పెద్దదే కదా అని మోసపోరాదు. వారానికి రెండురోజులు, ఊపు కోసం రెండుసార్లు మెల్లగా, ఆ తరువాత లెక్కకు ఏడెనిమిది. అటువంటివి మూడు విడతలు, నడుమ రెండు మూడు నిమిషాల విశ్రాంతి. ఊపిరి బిగబట్టరాదు, రక్తపోటు ఎగబాకుతుంది. నేను గొంతెత్తి "ఒకటి, రెండు" అని లెక్కపెట్టేవాణ్ణి. నోట మాట వస్తున్నంతసేపు ఊపిరి ఆడుతున్నట్లే గదా. అదుపులేని రక్తపోటు, గిలకబుడ్డ, ఇటీవలి కంటి శస్త్రచికిత్స ఉన్నవారు వైద్యుని అడగనిదే దీనిని ముట్టరాదు. మన వయసువారిలో శుక్లాలు తీయించుకోనివారెందరు?

మొదటి వారం రెండవనాటికి తొడలు పట్టుకొనిపోయి, పీట మీదినుండి లేవడమే ఒక ఘట్టమైంది. మూడవ వారానికి ఆ నొప్పి పోయింది. పదవ వారంలో ఒకనాడు రైల్వేస్టేషను మెట్లు దిగి, కిందికి వచ్చాక చూసుకొంటే నా రెండు చేతులలోనూ సంచులున్నవి. కమ్మీని పట్టుకోలేదు.

తిరిగి వచ్చాక ఇక్కడ ఆ సారె లేదు. కుర్చీలోకి అయిదు అంకెలు లెక్కపెడుతూ దిగడం, ఇంటి మెట్లు నింపాదిగా దిగడంతో సరిపెట్టుకొంటున్నాను. అన్నగారి చేత కూడా, వారి వైద్యుని అనుమతితో, కుర్చీ చేతులు పట్టుకొని రోజుకు అయిదుసార్లు అదే చేయిస్తున్నాను. విజయవాడ, గుంటూరు ప్రాంతాలలో ఈ యంత్రాన్ని దగ్గరుండి నేర్పే ఫిజియోథెరపిస్టులు మీ ఎరుకలో ఉంటే దయచేసి తెలియజేయగలరు.